మేఘన వెనకాల ఎవరూ లేరు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదని ముందే చెప్పేస్తున్నాను. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్లో పదిహేడో నంబరు గదిలో ఏదో తిరుగుతుందని అమ్మాయిలెవరూ చేరేవాళ్ళు కాదు. నేను అడిగి మరీ ఆ గది తీసుకున్నాను. అందులో ఫ్యాను బాగా తిరిగేది. రెండేళ్ళు హాయిగా నిద్రపోయాను.

నా ఉద్యోగం కూడా నమ్మకాలు కుదిరే ఉద్యోగం కాదు. వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. ఎవరైనా వచ్చి అది దానంతటదే పాడైందంటే సరేలెమ్మని ఊరుకోవడానికి నాకు జీతం ఇవ్వడం లేదు. దానంతటదే ఏదీ పాడవదు. అలాగే దానంతటదే ఏదీ బాగుపడదు కూడా.

అలాంటి నేను ఇది రాయవలసి వచ్చింది. పోయిన జూన్‌లో, ఒక శనివారం, పట్టపగలు, మంచి ఎండలో జరిగింది. భయపెట్టే సంగతి కాదు. నిజానికి ఈ దేశం వచ్చాక నేను అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. కారణం దొరకలేదన్నదే నా బాధ.

మేము ఐర్లండ్‌లో, నేవన్ అనే ఊళ్ళో ఉంటాం. నేను సైకిలు తొక్కడం నేర్చుకున్నదే నలభై దాటాక. నేర్పింది మా అమ్మాయి మేఘన. అప్పుడు దానికి పదేళ్ళు. మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో సీటు పట్టుకుని నా వెంట పరిగెత్తేది. చుట్టుపక్కల పిల్లలందరూ వచ్చి చూసేవాళ్ళు. నాకు సిగ్గేసేది గానీ దానికి వెయ్యలేదు.

రోడ్డు మీదికి తీసుకెళ్ళింది పక్కింటి నూలా. డెబ్భై ఏళ్ళావిడ, బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. వాన పడుతున్నా సైకిలెక్కుతుంది. మాకు తోడు స్వర్ణ అని కరీంనగర్ అమ్మాయి, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటుంది, మందుల కంపెనీలో సైంటిస్టు. నన్ను అక్కా అంటుంది. మా ఆయన సాఫ్ట్‌వేర్. ఆయన సైకిలు తొక్కరు. మా సైకిళ్ళకి మాత్రం దొరికిన పరికరమల్లా బిగిస్తారు. ఎంత వేగం, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, పెడల్ మీద ఎంత బలం పడింది, అన్నీ ఇంట్లో కూర్చుని తెర మీద చూస్తారు. మా టీముకి మేనేజర్నని చెప్పుకుంటారు.

గుంపుగా తొక్కేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముందున్న మనిషికి రోడ్డు మీద ఏదైనా కనిపిస్తే అరవాలి, ఆ అరుపు ఒకరి నుంచి ఒకరికి వెనక్కి చేరాలి. స్వర్ణ వచ్చాక మేము సరదాకి తెలుగులో అరవడం మొదలుపెట్టాం. గుంత, బురద, బండి. నూలా కూడా నేర్చుకుంది. ఐరిష్ పల్లెల్లో ఆవిడ గొంతున గుంత అని వినిపిస్తే మాకు నవ్వాగేది కాదు.

ఆ జూన్‌కి ముందటి ఏడాది వేసవిలో మేఘన మొదటిసారి మాతో వచ్చింది. నా వెనకే తొక్కుతోంది, దాని వెనక స్వర్ణ. ఒక చోట వాన నీళ్ళు నిండిన పెద్ద గుంత. నేను గుంత అని అరిచాను.

మేఘనకి ఇంట్లో తెలుగు బాగానే అర్థమవుతుంది. తిను, పడుకో, ఫోను పక్కన పెట్టు. కానీ మా ఇంట్లో గుంతల ప్రసక్తి ఎప్పుడొచ్చింది గనక? అది తలెత్తి, గుంత అంటే ఏంటని ఇంగ్లీషులో నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోపే అందులో పడింది. వెనకున్న స్వర్ణ బ్రేకు గట్టిగా పట్టింది. ఆమె చక్రం మేఘన తలకి జానెడు దూరంలో ఆగింది.

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. తర్వాత జీపీ, అంటే మా డాక్టరు, చూసి ఎముక గ్రాండ్ అన్నారు. బాగుందనడానికి ఇక్కడ అందరూ అనే మాట అది. ఎముక గ్రాండే. మేఘనే బాగుపడలేదు. తన వెనకాల చక్రం చప్పుడు వినబడితే చాలు, ఒళ్ళంతా బిగుసుకుపోయేది. సైకిలు షెడ్డులో పెట్టేసింది. ఏడాది ముట్టుకోలేదు. నాకు ఆ ఏడాదంతా ఒకటే ఆలోచన. నాకు సైకిలు నేర్పిన పిల్లకి నా నోటితో నేనే దాన్ని లేకుండా చేశాను.

పోయిన మే నెలలో తన ఫోను తెచ్చి చూపించింది. సైకిలు అమ్మకానికి ప్రకటన తయారుగా ఉంది, ఫోటోతో సహా. నేను బతిమాలాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి రమ్మన్నాను. వస్తానంది గానీ లాయరులాగా షరతులు పెట్టింది. తనే అందరికంటే చివర తొక్కుతుంది, తన వెనకాల ఎవరూ ఉండకూడదు. ఎవరూ వెనక్కి తిరిగి తనని చూడకూడదు. ఎవరూ సాయం చెయ్యకూడదు. ఫోర్ అనే ఊరి దగ్గర మేమందరం ఎప్పుడూ తిట్టుకునే ఎత్తు దారి ఒకటుంది. అక్కడ తను కాలు కింద పెడితే ఆ సాయంత్రమే ప్రకటన వెళ్ళిపోతుంది, ఇక మా ఇంట్లో ఎవరూ సైకిలు మాట ఎత్తకూడదు. నేను అన్నిటికీ తలూపాను.

సాయం అంటే ఏమిటో చెప్పాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరికైనా బలం చాలకపోతే, పక్కన తొక్కేవాళ్ళు ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో అరచెయ్యి వాళ్ళ నడుముకి కాస్త పైన వేసి నెడతారు. చెయ్యి తగిలిందంటే కొండ సగమైపోయినట్టు ఉంటుంది. మొదటి ఏడాది నూలా నన్ను అలా ఎన్ని కొండలు ఎక్కించిందో.

నిజం ఒప్పుకుంటాను. ముందురోజు నేనొక పథకం వేశాను. ఆ దారిలో ఏదో ఒక పొలం గేటు పక్కన దాక్కుని, మేఘన దాటాక వెనకనుంచి వచ్చి చెయ్యి వేద్దామని. పొద్దున కారులో, పిల్ల పాటలు వింటూ చెవులు మూసుకుని ఉండగా, నూలాకి గుసగుసగా చెప్పాను. ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, దానికి తెలిసిపోతుంది, ఇక నీ మాట ఎప్పటికీ నమ్మదు అంది. పథకం అక్కడే మానుకున్నాను.

కాసిల్‌పొలార్డ్‌లో కార్లు ఆపి బయల్దేరాం. మొదట డెర్రవారా సరస్సు దాకా దిగుడు. జూన్ కదా, కంచెల నిండా తెల్లటి పూలు, కోసిన గడ్డి వాసన. నీళ్ళ మీద హంసలు మమ్మల్ని చూసి కదలనైనా కదల్లేదు. నేను వెనక్కి తిరగకూడదు కాబట్టి చెవులతోనే మేఘనని చూసుకున్నాను. గొలుసు చప్పుడు సన్నగా వినిపిస్తూ ఉంటే నా ప్రాణం కుదుటపడేది. చిన్న మలుపుల్లో ఆ చప్పుడు దూరమైతే నా కాళ్ళు వాటంతటవే నెమ్మదించేవి. ముందునుంచి స్వర్ణ, అక్కా, సైకిల్ తొక్కుతున్నవా ఎడ్లబండి తోలుతున్నవా అని ఆటపట్టించేది.

ఫోర్‌లో ఆగాం. లోయ మధ్యలో ఎప్పటిదో సన్యాసుల మఠం, సగం కూలిన రాతి గోడలు, చుట్టూ పచ్చిక. అక్కడి నీళ్ళు కాగవనీ, వాగు ఎత్తుకి పారుతుందనీ పాతకాలం నుంచి చెప్పుకుంటారు. వాగు దగ్గర మేఘన నిలబడి చూసి, పల్లానికే పోతోంది కదా అంది. నా కూతురే. ఒక చెట్టుకి జనం కట్టిన గుడ్డపేలికలు ఉన్నాయి, మన ముడుపుల్లాగా. మాలో ఎవరూ ఏమీ కట్టలేదు, ఏమీ మొక్కుకోలేదు. ఎవరికీ అనుమానం రాకూడదని ఇది కూడా రాస్తున్నాను.

ఊరు దాటగానే ఆ ఎత్తు దారి. రెండు వైపులా రాతి గోడలూ ముళ్ళకంచెలూ, కారు వస్తే సైకిలు గోడకి అంటుకుని నిలబడాలి, అంత సన్నం. కిలోమీటరున్నర ఉంటుంది. మధ్యలో పక్కదారి ఏదీ లేదు. సగం దూరంలో ఒక పెద్దాయన పడిపోయిన గోడ రాళ్ళు పేర్చుకుంటున్నాడు. మాకు ఒక వేలెత్తి పలకరింపు చెప్పాడు. జవాబు చెప్పడానికి నాకు ఊపిరి లేదు.

పైన పొలం గేటు దగ్గర ముగ్గురం దిగాం. నూలా, స్వర్ణ, నేను. ముగ్గురమూ అక్కడే ఉన్నాం. ఈ మాట తర్వాత చాలాసార్లు అవసరమైంది.

మేఘన కనబడటం లేదు. గొలుసు చప్పుడూ లేదు. ఒక అరటిపండు తీసి ఒలిచి, తినకుండా పట్టుకుని నిలబడ్డాను. కింద ఎక్కడో అది దిగిపోయి సైకిలు నడిపించుకుంటూ వస్తోందని నా మనసుకి తెలిసిపోయింది. ఏం మొహం పెట్టుకుని ఎదురెళ్ళాలా అని ఆలోచిస్తున్నాను. మాట ఇచ్చింది నేనే గానీ తను కాదని స్వర్ణ కంచెలో సందు చూసుకుని కిందికి తొంగి చూసింది. అక్కడినుంచి కింది మలుపు కనిపిస్తుంది.

"అక్కా, మేఘన ఎనకాల ఎవరో ఉన్నరు. చెయ్యేసి నూకుతున్నరు."

మాట ఇచ్చిన సంగతి మరిచిపోయి పరిగెత్తాను. నాకు కనిపించింది మేఘన పసుపు జాకెట్ ఒక్కటే. వెనక ఎవరూ లేరు. రోడ్డు ఖాళీ. మళ్ళీ కంచె అడ్డొచ్చింది. అందరికంటే ముందు నా మనసులోకి వచ్చింది, ఎవరో కొత్తవాళ్ళు నా పిల్లని ముట్టుకున్నారని. రెండోది, వాళ్ళెవరైనా కాళ్ళు కడిగి నీళ్ళు నెత్తిన చల్లుకుంటానని.

మేఘన వచ్చింది. పైమలుపు తిరిగి, సీటు మీద నిటారుగా కూర్చుని, పార్కులో తొక్కుతున్నంత తేలిగ్గా వచ్చింది. నవ్వుతోంది. ఏడాదిగా నేను చూడని నవ్వు. రోడ్డు మీంచి చూపెత్తకుండా గేటు దాటి, నేల సమంగా అయిన చోట, నాకు రెండడుగుల దూరంలో ఆపి, తల తిప్పకుండానే తన ఐరిష్ ఇంగ్లీషులో, రూలు తప్పావమ్మా, కానీ పర్లేదు, గ్రాండ్ అంది. నేను రోడ్డుకి ఇవతల, దాని పక్కనే, ఒలిచిన అరటిపండుతో నిలబడి ఉన్నాను.

అది నన్ను చూసింది. వెనక్కి చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

తర్వాత అది చెప్పింది ఇది. రాళ్ళు పేరుస్తున్న పెద్దాయన కంటే కాస్త కిందనే కాళ్ళలో సత్తువ అయిపోయిందట. ఇక దిగిపోదామని ఒక కాలు పెడల్ మీంచి తీయబోతుంటే నడుముకి పైన చెయ్యి పడిందట. చిన్న చెయ్యి, వెచ్చగా, గ్లవ్ లేదు. ఎక్కడో దాక్కుని వెనకనుంచి వచ్చింది నేనేనని అనుకుందట. ఎందుకలా అనుకున్నావంటే, జడ వేసేటప్పుడు తిన్నగా కూర్చోమని నువ్వు బొటనవేలితో వీపులో పొడుస్తావే, అచ్చం అలాగే పొడిచారంది. ముందు కోపం వచ్చిందట. తర్వాత వెనక చక్రం చప్పుడు వినిపిస్తున్నా తనకి భయం వెయ్యలేదని గమనించి, ఊరుకుందట.

స్వర్ణ వెంటనే సైకిలెక్కి కిందికి వెళ్ళింది. పావుగంటకి తిరిగొచ్చింది. ఊరి దాకా ఎవరూ ఎదురు పడలేదు. మధ్యలో ఉన్న ఒక్క గేటుకీ గొలుసూ తాళమూ ఉన్నాయి. రాళ్ళ పెద్దాయన్ని అడిగితే, పసుపు జాకెట్ పిల్ల ఒక్కతే వెళ్ళింది, నవ్వుకుంటూ ఎవరికో థాంక్స్ చెప్పింది, అంత తేలిగ్గా ఎక్కుతుంటే అది బ్యాటరీ సైకిలేమో అనుకున్నానన్నాడట.

నూలా మాత్రం, దేని గురించీ అంతగా తవ్వకపోవడం మంచిదంటూ, కింద సరస్సు దగ్గర తినడానికి ఏం తెచ్చావని నన్ను అడిగింది.

పులిహోర తెచ్చాను. అవతలి వైపు దిగితే లాక్ లీన్ సరస్సు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గట్టు మీద కూర్చుని నలుగురం డబ్బా ఖాళీ చేశాం. అప్పుడు నాకొక భయం పట్టుకుంది. సాయం తీసుకోకూడదన్నది షరతు కదా. ఎవరు చేసినా సాయం సాయమే. అడగలేక అడిగాను. మేఘన వేళ్ళకంటిన పసుపు నాక్కుంటూ ఆలోచించింది. అసలు షరతు కాలు కింద పెట్టకపోవడం, తను పెట్టలేదు అంది. తనకి సాయం చేసినవాళ్ళు ఆ షరతుకి ఒప్పుకున్నవాళ్ళలో లేరు కాబట్టి అది లెక్కలోకి రాదంది. ఫోను తీసి ప్రకటన చెరిపేసి, బూట్లు విప్పి, ఉన్న బట్టలతోనే నీళ్ళలోకి పరిగెత్తింది. చలికి అది వేసిన కేకకి అవతలి గట్టు మీది ఆవులు తలెత్తాయి. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన తెర ముందు తల పట్టుకుని కూర్చున్నారు. ఆ పరికరాల లెక్కలు ఇలా ఉన్నాయి. ఆ ఎత్తు మీద, మేఘన బరువుకి, అది వచ్చిన వేగానికి పెడల్ మీద దాదాపు నూట డెబ్భై వాట్లు పడాలి. ఎక్కడం మొదలుపెట్టినప్పుడు అంతా సరిగ్గానే ఉంది. సగం దూరంలో ఒక్కసారిగా నలభైకి పడిపోయింది. వేగం మాత్రం తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది. గుండె వేగం తగ్గుతూ వచ్చింది. గేటు దాటిన వెంటనే అన్నీ మామూలైపోయాయి.

పరికరం పాడైందన్నారు మా ఆయన. అది నా సబ్జెక్టు కాబట్టి నేనే పరీక్ష చేశాను. పెడల్‌కి పది కిలోల సోనా మసూరి సంచీ వేలాడదీసి చూశాను. సరిగ్గా పది చూపించింది. సంచీ తీసి ఇంకోటి కట్టాను. సరిగ్గానే ఉంది. ఆ రోజు గాలి ఎటు వీచిందో చూశాను. ఎదురుగాలి. దారి వాలు మూడు మ్యాపుల్లో చూశాను. వాగు సంగతి నాకు తెలియదు గానీ, ఆ రోడ్డు మాత్రం ఎత్తుకే పోతుంది. మా ఫ్యాక్టరీలో ఇలాంటిది వస్తే ఎవరో అబద్ధం చెబుతున్నారని రాస్తాను. ఇక్కడ ఎవరు చెబుతున్నట్టు? స్వర్ణా? పెద్దాయనా? పెడలా?

తర్వాత నేనొక్కదాన్నే ఒక ఆదివారం వెళ్ళి ఆ దారి రెండుసార్లు ఎక్కాను. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. కాళ్ళు పీక్కుపోయాయి. చిన్నగా ఉక్రోషం కూడా వచ్చింది.

జులై చివర్లో మేఘన, మళ్ళీ ఆ కొండకి వెళ్దామమ్మా, మనిద్దరమే అంది. పరికరాలన్నీ పీకేసి ఇంట్లో పడేసింది. మా ఆయన గిలగిల్లాడారు. ఫోర్ ఊరు దాటి ఎత్తు మొదలయ్యే చోట అది ఆగి, నన్ను చూడకుండా హెల్మెట్ పట్టీ సర్దుకుంటూ, కావాలంటే ఈసారి నువ్వు నా వెనకాల రావచ్చంది.

ఏడాది పైన ఎదురుచూసిన మాట. నేను పెద్దగా పట్టించుకోనట్టు సరేనన్నాను.

దాని వెనకాల రెండు గజాల దూరంలో ఎక్కుతున్నాను. నా చక్రం చప్పుడు దానికి వినబడుతోంది, అయినా భుజాలు బిగుసుకోలేదు. సగానికి వచ్చేసరికి దాని సైకిలు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. చెయ్యి వెయ్యాలని నాకెంత ఉందో చెప్పలేను. కానీ ఒక చేత్తో సైకిలు తొక్కడం నాకు ఈ రోజుకీ రాదు. హ్యాండిల్ రెండు చేతులతో బిగించి పట్టుకుని, రోడ్డు చూసుకుంటూ తొక్కాను. కాసేపటికి దాని సైకిలు ఊగడం ఆగింది. వీపు నిటారైంది. ఇద్దరి మధ్య దూరం అలాగే ఉంది.

పైమలుపు దగ్గర, వెనక్కి తిరగకుండా, ఎప్పుడో గాని మాట్లాడని తెలుగులో అంది.

"చాలమ్మా. చెయ్యి తీసెయ్. ఇక్కణ్ణించి నేనే వెళ్తాను."

నేను నా చేతుల కేసి చూసుకున్నాను. రెండూ హ్యాండిల్ మీదే ఉన్నాయి.

సరే అన్నాను. అది పెడల్స్ మీద లేచి నిలబడి, ఆయాసపడుతూ, ఊగిపోతూ, ఎర్రబడ్డ మొహంతో, మిగిలిన ఎత్తంతా తన కాళ్ళ బలంతోనే ఎక్కేసింది. గేటు దగ్గర చేతులు పైకెత్తి అరిచింది. ఆ రోజు కాలు కింద పెట్టింది నేనే. కళ్ళ నిండా నీళ్ళు, దారి కనబడక దిగి నడిపించుకుంటూ వెళ్ళాను.

రెండోసారి పడిన ఆ చెయ్యి కూడా నాది కాదని దానికి ఇంతవరకూ చెప్పలేదు. మేఘనకి తెలుగు చదవడం రాదు, అందుకే ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను. ఎవరిదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి చెయ్యగలిగిందంతా చేశాను. నా రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయని మాత్రం ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెబుతాను.